ఏడు దెబ్బల పాట

నేను ఒక సన్నాయిని. మీ ఇళ్ళల్లో ఎవరైనా మొహం పక్కకి తిప్పుకుని నోట్లో నోట్లో దెప్పుతుంటే 'సన్నాయి నొక్కులు నొక్కుతోంది' అంటారు. నా జన్మలో నేను ఎవరినీ దెప్పి ఎరగను. నొక్కేది ఎవరివో వేళ్ళు, ఊదేది ఎవరిదో నోరు, మాట పడేది మాత్రం నేను. ఇన్నాళ్ళూ ఆ నింద ఊరికే మోశాను కాబట్టి, ఈ ఒక్కసారికి నిజంగానే నాలుగు నొక్కులు నొక్కుతాను. నాకు ఆ హక్కు ఉందని మీరే అంటారు, అంతా విన్నాక.

సన్నాయిని కాకముందు నేను బాపట్లలో ఒక ధాన్యపు గోదాములో దూలాన్ని. ఎనభై ఏళ్ళు ఎలుకల కాపురాలు చూస్తూ, మూటలు మోసేవాళ్ళ బూతులు వింటూ ఎండిపోయాను. గోదాము పడగొట్టినప్పుడు పానకాలాచారి అనే వడ్రంగి నన్ను ఏరుకుని తీసుకుపోయాడు. పచ్చి కర్రతో చేస్తే సన్నాయి ఏడాది తిరక్కుండా వంకరపోతుంది. తన కష్టసుఖాలన్నీ ముందే పడి ఊరుకున్న కర్ర కావాలి. ఆచారి నన్ను పొడుగ్గా చెక్కి, కడుపులో కన్నం తొలిచి, వేళ్ళకి రంధ్రాలు పెట్టి, చివర గరాటు లాంటి మూతి తగిలించాడు. పై కొసన రెల్లుతో కట్టిన పీక గుచ్చి మొదటిసారి ఊదినప్పుడు నా నుంచి వచ్చిన కూతకి వీధిలో మేక బెదిరి తాడు తెంచుకుంది. ఆయన రెండు రోజులు కూర్చుని, అడుగు రంధ్రాల్లో మైనం కొంచెం పెట్టి కొంచెం తీసి, నన్ను మనిషిని చేశాడు.

మొదట నన్ను వాయించినాయన గుళ్ళో ఉత్సవాలకి వాయించేవాడు. పెద్దవాడు, మంచివాడు, చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి పీక నోట్లో నిలవడం మానేసిన రోజున నన్ను తన మేనల్లుడి చేతిలో పెట్టాడు. ఆ మేనల్లుడే కోటిలింగం. నా కథంతా అతనితోనే.

కోటిలింగం వేళ్ళు మంచివి. ఊపిరి ఇంకా మంచిది. ఒక్కటే లోపం, తనని ఎవరైనా వినాలి. వాయించేవాడికి అది లోపమా అని మీరు అడగవచ్చు. పెళ్ళిళ్ళలో వాయించేవాడికి లోపమే. ఎందుకంటే మీరు వింత మనుషులు. సన్నాయి లేకపోతే అది పెళ్ళే కాదంటారు. సన్నాయి ఉంటే ఒక్కరూ వినరు. నేను ప్రాణం పెట్టి తోడి రాగం ఆలపిస్తుంటే నా ముందే నిలబడి చీర అంచు గురించి మాట్లాడుకుంటారు. వీడియో తీసేవాళ్ళు వచ్చి 'కొంచెం పక్కకి జరగండి, ఫ్రేములో పడుతున్నారు' అంటారు. కోటిలింగం జరుగుతాడు. పక్కన డోలు వాయించే వీరాస్వామి కూడా జరుగుతాడు. ముప్పై ఏళ్ళు వాళ్ళిద్దరూ అలా జరుగుతూనే ఉన్నారు. వీరాస్వామి ఇంటికెళ్ళి అన్నం తిని పడుకునేవాడు. కోటిలింగానికి మాత్రం అన్నం సహించేది కాదు.

అతని భార్య సామ్రాజ్యం. రైల్వే గేటు దగ్గర రెండు గదుల ఇంట్లో, వరండాలో పీట వేసుకుని అప్పడాలు ఒత్తేది. ఆమె చేతిలో ఒక వరస ఉండేది. కర్రని మూడుసార్లు తోసి, ఎడమ చేత్తో అప్పడాన్ని చిటికెలో తిప్పి, మళ్ళీ నాలుగుసార్లు తోసేది. మూడూ నాలుగూ, మూడూ నాలుగూ, మధ్యలో క్షణం కూడా ఆగకుండా. ఆ ఏడు దెబ్బల మీద గొంతులోంచి ఒక కూనిరాగం వచ్చేది. దానికి మాటల్లేవు. ఎక్కడా నేర్చుకున్నది కాదు. అది పాటని ఆమెకే తెలియదు. పిండి అయిపోతే పాటా అయిపోయేది.

కోటిలింగం ఒక రోజు ఆమెని ఏడిపించడానికి అదే రాగాన్ని నాలో ఊదాడు.

"ఏందయ్యా, నన్ను ఎక్కిరిస్తన్నావా?" అంది సామ్రాజ్యం.

"ఎక్కిరించడం కాదే. నీ చేతిలో మిశ్రచాపు ఉంది, ఏడు దెబ్బల తాళం. వీరాస్వామి ఇరవయ్యేళ్ళు కొడితే పట్టుబడింది వాడికి."

"నా చేతిలో అప్పడాల కర్రుంది. దగ్గరికి రా, చూపిస్తా."

నవ్వారు ఇద్దరూ. పీట పక్కన కూర్చుని అప్పడాలు ఎండలో పరుస్తున్న కూతురు రంజని కూడా నవ్వింది. నేను ఎన్ని కీర్తనలు పలికానో లెక్కలేదు, కానీ నా కడుపులోంచి సులువుగా, తనకు తానుగా వచ్చినట్టు వచ్చిన పాట అదొక్కటే. పై స్వరాల్లో ఒకచోట సామ్రాజ్యం గొంతు కొంచెం బొంగురు పోయేది. కోటిలింగం నా పీకని పెదవులతో అదిమి ఆ బొంగురు కూడా పలికించేవాడు. అక్కడికి రాగానే ఆమె పిండి తీసి అతని మీద విసిరేది.

రంజనికి పదకొండేళ్ళప్పుడు సామ్రాజ్యం కామెర్లతో పోయింది. వాళ్ళ ఇంట్లో ఆమె ఫోటోలు మూడో నాలుగో ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఏ ఫోనులోనూ, ఏ క్యాసెట్టులోనూ లేదు. ఏడాది పాటు కోటిలింగం ఇంట్లో నన్ను ముట్టుకోలేదు. ఒక సాయంత్రం రంజని లెక్కల పుస్తకం మూసేసి తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాన్నా, అమ్మ గొంతు గుర్తు రావట్లా. ఎంత అనుకున్నా రావట్లా."

కోటిలింగం నన్ను తీసి, పీక తడుపుకుని, పక్కింటికి కూడా వినపడనంత మెల్లగా ఆ పాట వాయించాడు. మూడూ నాలుగూ. బొంగురు దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల రెండు చేతులతో మొహం కప్పుకుంది. మళ్ళీ వాయించమంది. మళ్ళీ వాయించాడు. మూడోసారి అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"ఊరికే వాయిస్తే అరిగిపోద్దమ్మా. నీ పెళ్ళిలో వాయిస్తా. మీ అమ్మొచ్చి పీట పక్కన కూచున్నట్టే ఉంటది. ఈలోపల ఎవురికీ వినిపించను. ఈ సన్నాయి మీద ఒట్టు."

నా మీద అరచెయ్యి పెట్టి మరీ అన్నాడు. చెయ్యి చెమటగా ఉంది. దేవుడి మీద ఒట్టేస్తే దేవుడికేం నష్టం లేదు, ఆయనకి అలవాటే. నా మీద ఒట్టు వేసినవాడు మాత్రం అతనొక్కడే. నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను. ఆ రోజు నుంచి ఆ పాటకి నేను పెట్టెనని, తాళం అతని దగ్గర ఉందని, అది ఆ పిల్ల సొమ్మని అనుకుంటూ బతికాను.

పధ్నాలుగేళ్ళు మాట నిలబెట్టుకున్నాడు. అది నేను ఒప్పుకోవాలి. రంజని చదువుకుని, రథం బజారులో కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేసే ఉద్యోగంలో చేరింది. పెళ్ళి మాట ఎప్పుడొచ్చినా నవ్వుతూ ఒక్కటే అనేది: "నగలొద్దు, మండపమొద్దు. నా పాట నాకుంది."

నిరుడు మాఘమాసంలో ఒంగోలు రోడ్డు మీద ఏసీ మండపంలో ఒక పెద్ద పెళ్ళికి వాయించాం. పొద్దున పదకొండింటికే ముహూర్తం అయిపోయింది. జనమంతా భోజనాల మీద పడ్డారు. డీజే వాళ్ళు కూడా తినడానికి వెళ్ళారు. ఖాళీ కుర్చీల మధ్య నుంచి ఒక ముసలాయన లేచి, తన కుర్చీ తనే ఈడ్చుకుంటూ వచ్చి మా ఎదురుగా వేసుకున్నాడు. తెల్ల పంచె. చెవిలో వినికిడి మిషను. ఆయన కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేసుకుంటూ, ముప్పావు గంట విన్నాడు. ఎక్కడ తల ఊపాలో అక్కడ ఊపాడు. మంచి చెవులున్న వెయ్యి మందిలో ఒక్కరికీ పట్టనిది చెవుడున్నాయనకి పట్టింది.

ఆఖర్న కళ్ళు తెరిచి, "అన్నీ వాళ్ళవీ వీళ్ళవీ వాయించావు నాయనా. బాగున్నాయి. నీదంటూ ఏదన్నా ఉందా?" అని అడిగాడు.

ముప్పై ఏళ్ళలో కోటిలింగాన్ని ఆ మాట అడిగినవాడు లేడు. వీరాస్వామి వైపు చూశాడు. వీరాస్వామికి సంగతి తెలుసు, అందుకే వద్దన్నట్టు డోలు మీద చెయ్యి బోర్లా పెట్టేశాడు. నేను కూడా వద్దనేదాన్నే. కానీ నాకు నోరెక్కడిది? నా నోరు అతని నోట్లో ఉంది. ఊదాడు. మూడూ నాలుగూ. డోలు లేకుండా ఒక్కడే, ఆ బొంగురుతో సహా, ఉన్నదంతా ముసలాయన ఒళ్ళో పోశాడు. అంత బాగా అతను ఎప్పుడూ వాయించలేదు. నేను ఎప్పుడూ పలకలేదు. అదే నా కడుపుమంట. ఒట్టు తప్పేవాడు కనీసం చేతకానట్టు తప్పకూడదా?

ముసలాయన కళ్ళు తుడుచుకుని తన మెడలో ఉన్న కండువా తీసి కోటిలింగానికి కప్పాడు. కోటిలింగం గాల్లో తేలుతూ ఇంటికి వచ్చాడు. ఒట్టు తప్పితే దేని మీద ఒట్టేశారో అది నాశనమవుతుందంటారు. ఆ రోజంతా నాలో ఎక్కడైనా బీట పడుతుందేమోనని ఎదురుచూశాను. పడలేదు. చెక్కు చెదరలేదు. నా మీద వేసిన ఒట్టుకి అంత విలువ లేదని అప్పుడు తెలిసింది.

వేదిక మీద పూలకుండీలో వీడియోవాళ్ళ మైకు ఒకటి ఉండిపోయింది. దాన్ని ఎవరూ ఆపలేదు. ఆ పాట వాళ్ళకి తెగ నచ్చింది. అయితే ఏడు దెబ్బల మీద స్టెప్పులు పడవట. అందుకని అప్పడం తిప్పే చోట ఒక దెబ్బ అతికించి, మూడుని నాలుగు చేసి, కింద మిషను డ్రమ్ములు వేశారు. నాలుగూ నాలుగూ. ఇక చప్పట్లు కొట్టుకోవచ్చు. ఆరు నెలల్లో చుట్టుపక్కల ఏ పెళ్ళి వీడియో చూసినా అదే. సూర్యలంక బీచిలో కాబోయే దంపతులు చేతులు పట్టుకుని పరిగెత్తేది దాని మీదే. బొంగురు గొంతుని కూడా ఏదో చేసి నున్నగా తుడిచేశారు.

కోటిలింగం దాన్ని మొదట టీ కొట్టు దగ్గర విన్నాడు. గుండె జారిపోయింది. ఇంతలో టీ కొట్టాయన "ఇది తమరి వాయిద్యమేనంటగా!" అని మీగడ వేసి టీ ఇచ్చాడు. జారిన గుండె మళ్ళీ పైకొచ్చింది. భయం, సంతోషం రెండూ ఒక్క గుక్కలో మింగాడు. ఆ రోజే ఇంటికొచ్చి కూతురికి చెప్పేసి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. చెప్పలేదు. రంజని ఎవరి పెళ్ళి వీడియో అయినా చూడబోతే కరెంటు బిల్లు సంగతో, గ్యాసు సంగతో ఎత్తేవాడు.

ఈలోగా రంజనికి సంబంధం కుదిరింది. పాలిటెక్నిక్కులో ల్యాబు చూసుకునే గోపీనాథ్. ఇద్దరూ ముందే ఒకరికొకరు నచ్చారు, తర్వాతే పెద్దవాళ్ళకి చెప్పారు. అతను మా ఇంటికొచ్చి ఆ వరండాలోనే కూర్చుని, "మామయ్యగారూ, మండపం వద్దండి, డీజే అసలే వద్దు. ముప్పై మందిమి, ఆంజనేయస్వామి గుడి, పులిహోర, పాయసం. పాట మాత్రం రంజని చెప్పినదే. అత్తయ్యగారి పాట," అన్నాడు. కోటిలింగం "అట్టాగే బాబూ" అని లోపలికి వెళ్ళి, నీళ్ళు తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు.

పెళ్ళి నెల రోజుల్లో ఉందనగా ఒక మధ్యాహ్నం రంజని షాపు నుంచి పెందలాడే వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"నాన్నా, అమ్మ పాట ఎవురికన్నా వినిపించావా?"

నేను గోడకి వేలాడుతున్నాను. నా వైపు చూస్తాడేమోనని అనుకున్నాను. చూడలేదు.

"లేదమ్మా."

"ఎవురికీ?"

"ఎవురికి వినిపిస్తానే? ఒట్టేశా గదా."

రంజని ఫోను తీసి పాట పెట్టింది. మిషను డ్రమ్ములు, నాలుగూ నాలుగూ, పైన నేను. పరాయి బట్టలు తొడిగించి బజార్లో నిలబెట్టినట్టు అనిపించింది నాకు. షాపులో ఒకామె అక్షరాలు చదువుతుండగా ఆమె ఫోను మోగిందట. ఈ పాటేనట. రంజని చేతిలో అద్దం కింద పడి పగిలిందట. 'ఎక్కడిదండీ ఇది?' అని అడిగితే, 'ఇది తెలీదా, అన్ని పెళ్ళిళ్ళకీ ఇదేగా' అందట ఆమె.

కోటిలింగం తల దించుకుని ముసలాయన సంగతి అంతా చెప్పాడు. కుర్చీ ఈడ్చుకు రావడం దగ్గర్నుంచి కండువా దాకా. "నీదంటూ ఏదన్నా ఉందా అని అడిగాడమ్మా. అట్టా ఎవరూ అడగలేదు నన్ను," అన్నాడు.

"అది నీది కాదు గదా నాన్నా."

నేను కూడా అది నాదే అనుకున్న రోజులున్నాయి.

"నువ్వు వాయించావు, సరే. ఆయనెవరో విన్నాడు, సరే. ఇప్పుడు అడిగితే కూడా లేదన్నావు చూడు. అది నేను మర్చిపోలేను."

చెప్పులు విప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అరిచి ఉంటే బాగుండేది. నాలుగు గిన్నెలు విసిరేసినా బాగుండేది. పొయ్యి వెలిగించి అన్నం వండి తండ్రికి పెట్టింది.

అయినా పెళ్ళికి ఏదో ఒకటి వాయించాలి కదా. పది రోజుల తర్వాత కోటిలింగమే ధైర్యం చేసి నన్ను తీశాడు. రంజని జాకెట్టుకి హుక్సులు కుట్టుకుంటోంది. కల్యాణి వాయించాడు. "వద్దు." ఆనందభైరవి వాయించాడు. "వద్దు." మధ్యమావతి, మోహన, చివరికి తన మేనమామ దగ్గర నేర్చుకుని ఎవరికీ చెప్పని ఒక పాత కీర్తన కూడా వాయించాడు. అన్నీ బాగానే ఉన్నాయి. కోటిలింగం కూతుర్ని బతిమాలుతున్నాడని నాకు తెలుస్తోంది. రంజని తల ఎత్తలేదు. అన్నింటికీ ఒకటే మాట.

"మరేం వాయించను తల్లీ?"

"గట్టిమేళం చాలు."

గట్టిమేళం పాట కాదు, మోత. తాళి కట్టే క్షణంలో పురోహితుడు వేలు తిప్పి 'గట్టిమేళం' అంటాడు. అప్పుడు డోలూ సన్నాయీ ఒక్కసారిగా వీలైనంత గట్టిగా వాయించాలి. ఎవరైనా తుమ్మినా, ఎవరి నోటనైనా చెడ్డమాట వచ్చినా పెళ్ళికూతురి చెవిన పడకూడదని దాని ఉద్దేశం. రాగం ఏమీ ఉండదు. నాలాంటిదానికి అది సంగీతమే కాదు, చాకిరీ.

"గట్టిమేళం ఎట్టాగూ ఉంటది. పాట సంగతి అడుగుతున్నా," అన్నాడు కోటిలింగం.

"అప్పుడు ఏమీ వినపడదు గదా. నాకదే కావాల," అంది రంజని, దారం కొరుకుతూ.

గోపీనాథ్‌కి ఆమె ఇవేమీ చెప్పలేదు. తండ్రి పరువు ఎందుకు తీయాలనుకుంది. "నాన్నకి ఊపిరి పట్టట్లేదు. ఆ పాట వాయించలేడంట, వదిలెయ్," అని ఒక్క అబద్ధం ఆడింది. ఆ ఇంట్లో అబద్ధాలకి అప్పటికే కొరత లేదు. కానీ ఇది ప్రేమతో ఆడింది కాబట్టి అన్నింటికంటే ఎక్కువ చేటు చేసింది.

పెళ్ళి రోజు ఉదయం గుడి ఆవరణలో చాపలు పరిచారు. ముప్పై అనుకున్నది నలభై మంది అయ్యారు. రంజని గంధం రంగు నేత చీర కట్టుకుంది. పురోహితుడు వేలు తిప్పాడు. కోటిలింగం, వీరాస్వామి గట్టిమేళం అందుకున్నారు. గుళ్ళో పావురాలు లేచిపోయాయి. తాళి పడింది. రంజని కళ్ళు మూసుకుని ఉంది. ఆమె అడిగింది ఆమెకి దొరికింది, ఏమీ వినపడలేదు. అయిపోయింది, బతికిపోయాం అనుకున్నాను.

తలంబ్రాలు మొదలయ్యాయి. రంజని దోసిట్లో బియ్యం తీసుకుంది. గోపీనాథ్ నవ్వుతూ తన చెల్లెలికి కనుసైగ చేశాడు. ఆ పిల్ల సంచీలోంచి ఒక స్పీకరు తీసి చాప మీద పెట్టింది.

"మామయ్యగారికి ఊపిరి పట్టకపోతేనేం, ఆయన వాయించినది దొరికింది. టీ కొట్టాయన చెప్పాడు, ఇది ఆయనదేనని. మీ అమ్మగారి పాట, రంజనీ," అన్నాడు. అతని మొహంలో ఎంతో సంతోషం ఉంది. పాపం, ఎంత వెతికాడో.

మిషను డ్రమ్ములు మొదలయ్యాయి. నాలుగూ నాలుగూ. జనానికి ఎక్కడలేని హుషారు వచ్చింది. "అరె, వీడియో పాట!" అంటూ చప్పట్లు అందుకున్నారు. రంజని దోసిలి అలాగే గాల్లో ఆగిపోయింది. వేళ్ళ సందుల్లోంచి బియ్యం జారుతోంది. ఆమె మొగుడి వైపు చూడలేదు. తిరిగి తండ్రి వైపు చూసింది.

అప్పుడు కోటిలింగం నన్ను ఎత్తాడు. పురోహితుడు వేలు తిప్పలేదు, ఎవరూ ఏమీ అనలేదు. తనకు తానే గట్టిమేళం అందుకున్నాడు. వీరాస్వామి ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే సంగతి గ్రహించి డోలు మీద విరుచుకుపడ్డాడు. తన పాటని తనే ముంచెయ్యాలని కోటిలింగం పడిన అవస్థ నాకు తెలుసు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. పళ్ళు పీక మీద బిగుసుకున్నాయి. స్పీకరు వినపడటం మానేసింది. ఒక్క నిమిషం, నిజంగా మానేసింది. రంజని మొహం కొంచెం తేరుకుంది.

గోపీనాథ్‌కి అర్థం కాలేదు. మామగారు ఆనందం పట్టలేక తోడు వాయిస్తున్నాడనుకుని స్పీకరు గొంతు పెంచాడు. కోటిలింగం ఇంకా గట్టిగా ఊదాడు. అతను ఇంకా పెంచాడు. చుట్టూ అందరూ లేచి నిలబడి ఈలలు వేశారు. అరవయ్యో ఏట మనిషి ఊపిరి ఎంతని! నా పీక నిలువునా చీలింది. నాలో ఉత్త గాలి మిగిలి, అదీ ఆగిపోయింది. వీరాస్వామి ఒక్కడే రెండు దెబ్బలు కొట్టి ఆపేశాడు. స్పీకరులో నేను మాత్రం నున్నగా, హాయిగా, నాలుగూ నాలుగూ పాడుతూనే ఉన్నాను. చేతిలో ఉన్న నేను మూగనైపోయి, చాప మీద ఉన్న నన్ను చివరిదాకా విన్నాను.

రంజని ఏడుస్తూనే తలంబ్రాలు పోసింది. పెళ్ళికూతురు ఏడిస్తే కారణం ఎవరూ అడగరు. ఎంత ప్రేమో నాన్నంటే, అనుకున్నారు.

తర్వాత ఆమె గోపీనాథ్‌కి అంతా చెప్పిందని విన్నాను. అతను తన ఫోనులోంచి, చెల్లెలి ఫోనులోంచి ఆ పాట తీసేశాడట. ఊళ్ళో వాళ్ళందరి ఫోనుల్లోంచి తీయలేడు కదా. కోటిలింగం పెళ్ళిళ్ళు మానేశాడు. వెళితే ఆ వీడియో పాటే వాయించమంటున్నారు. నాకు కొత్త పీక మాత్రం కట్టాడు. కట్టి గోడకి తగిలించాడు. రోజూ పొద్దున్నే దుమ్ము తుడుస్తాడు, ఊదడు. అతన్ని చూస్తే నాకు జాలి వేస్తుంది, వెంటనే ఆ చెమట చెయ్యి గుర్తొచ్చి మండుతుంది.

రంజని వారానికోసారి వస్తుంది. తండ్రికి కూర తెచ్చి పెడుతుంది, మందులు చూస్తుంది, అవసరమైనంతే మాట్లాడుతుంది. పోయిన ఆదివారం వచ్చినప్పుడు అటక మీది నుంచి అప్పడాల పీట దించింది. పిండి కలిపి కూర్చుంది. చెయ్యి చక్కగా సాగింది, మూడూ నాలుగూ, అమ్మ చెయ్యే. తర్వాత గొంతెత్తింది. గొంతులోంచి నాలుగూ నాలుగూ వచ్చింది. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ నాలుగే. చెయ్యి ఏడు దగ్గర ఉంటే గొంతు ఎనిమిదికి పోతోంది. బొంగురు రావలసిన చోట నున్నగా జారిపోతోంది. షాపులో విన్నప్పటి నుంచి ఊరంతా వినిపించిన దాని కింద అసలుది చచ్చిపోయింది. అయిదారుసార్లు ప్రయత్నించి, కర్ర పక్కన పడేసి, పిండి చేతులతో అలాగే కూర్చుండిపోయింది.

అసలుది నాలో ఉంది. కోటిలింగం ఊపిరిలో ఉంది. లోపలి గదిలో మంచం మీద అతను అంతా వింటున్నాడు. వచ్చి వాయిస్తాననే ధైర్యం అతనికి లేదు. వాయించమని అడిగే మనసు ఆమెకి లేదు. మధ్యలో గోడకి నేను.

రంజని లేచి వచ్చి నన్ను మేకు మీద నుంచి తీసింది. ఆమె చేతిలోకి వెళ్ళడం నాకు అదే మొదటిసారి. ఆడపిల్లకి ఊపిరి కష్టమెందుకని కోటిలింగం ఆమెకి ఎప్పుడూ నేర్పలేదు. నా రంధ్రాల మీద పిండి వేళ్ళు తప్పుతప్పుగా పెట్టుకుని, పీక నోట్లో పెట్టుకుని బలంగా ఊదింది. ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ ఊదింది. పిల్లి తోక తొక్కినట్టు ఒక కూత వచ్చింది. మూడోసారి అదీ రాలేదు.

కోటిలింగం గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. లోపలికి అడుగు పెట్టలేదు.

"పీక ముందు తడపాలమ్మా," అన్నాడు.

"నువ్వు నాకు చెప్పబాక నాన్నా."

అతను గుమ్మం దగ్గరే కూర్చుండిపోయాడు. రంజని అతని వైపు వీపు తిప్పుకుని నిలబడింది. తర్వాత ఆమె పీకని నాలుక మీద పెట్టుకుని తడిపింది.